జంట స్క్రూల మధ్య ఒక్క నిమిషం

జంతికల గొట్టంలో పిండి పెట్టి పైనుంచి నొక్కితే, అడుగు బిళ్ల చిల్లుల ఆకారంలోనే కిందకి దిగుతుంది. ఎక్స్‌ట్రూషన్, అంటే మెత్తబడిన పదార్థాన్ని స్క్రూతో నెట్టి చిల్లులోంచి బయటికి తీయడం గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా ఈ పోలికే వాడతారు. సింగిల్ స్క్రూ యంత్రానికి అది చాలావరకు సరిపోతుంది. రెండు స్క్రూలు పక్కపక్కనే తిరిగే ట్విన్ స్క్రూ దగ్గరకు వచ్చేసరికి అదే పోలిక తప్పుదారి పట్టిస్తుంది. జంతిక రుచి గొట్టంలో తేలదు. వెన్న ఎంత వేశారు, వాము ఎంత వేశారు, నీళ్లు ఎప్పుడు పోశారు, ఎంతసేపు పిసికారు అన్నవాటి మీద పళ్లెంలోనే తేలిపోతుంది. ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్ చేసే అసలు పని ఆ పళ్లెంలో పని. చివర డైలోంచి, అంటే చిల్లుల బిళ్లలోంచి బయటికి తొయ్యడం దానికి చిన్న విషయం.

యంత్రం పుట్టుకలోనూ పిండి ఉంది. జర్మనీకి చెందిన వెర్నర్ అండ్ ఫ్లైడరర్ కంపెనీ మొదట పేరు తెచ్చుకున్నది రొట్టెల పిండి పిసికే యంత్రాలతో. ఇటలీలో రోబెర్టో కొలంబో 1930ల చివర్లోనే జంట స్క్రూలను ఒకే దిశలో తిప్పి చూశారు. 1940ల్లో జర్మన్ రసాయన పరిశ్రమలో రుడాల్ఫ్ ఎర్డ్‌మెంగర్, ఆయన సహచరులు ఒకదాన్నొకటి తుడుచుకుంటూ తిరిగే స్క్రూల ఆకారాన్ని లెక్కకట్టి తేల్చారు. 1950ల్లో ఆ పేటెంట్లకు లైసెన్సు తీసుకొని వెర్నర్ అండ్ ఫ్లైడరర్ తెచ్చిన యంత్రం పేరు జెడ్ఎస్‌కే. జర్మన్‌లో ఆ మూడక్షరాలకు అర్థం జంట స్క్రూలతో పిసికేది అని. ఇవాళ ప్లాస్టిక్ కాంపౌండింగ్ ప్లాంట్లలో, అంటే ప్లాస్టిక్‌లో రంగులూ పీచులూ కలిపే చోట్ల కనిపించే యంత్రాల్లో ఎక్కువ భాగం ఆ కుటుంబంలోవే. మన దగ్గర బెంగళూరులోని స్టీర్ కంపెనీ ఇవి తయారుచేస్తుంది.

స్క్రూలు ఏ దిశలో తిరుగుతాయన్నది మొదట తేల్చుకోవాల్సిన సంగతి. విశాఖ ఆర్కే బీచ్ దగ్గర చెరకు రసం బండిని చూసినవాళ్లకు ఒక పద్ధతి తెలిసినట్టే. అక్కడ రోలర్లు ఎదురెదురు దిశల్లో తిరిగి చెరకు గడను తమ మధ్యకు లాక్కుంటాయి. ఎదురు దిశల్లో తిరిగే జంట స్క్రూలు కూడా పదార్థాన్ని అలాగే పట్టుకొని, జారిపోనివ్వకుండా ముందుకు నెడతాయి. పీవీసీ పైపుల లైన్లలో ఇవే ఉంటాయి. పీవీసీ వేడికి ఓర్వలేదు. ఎక్కువ వేడి తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ విడుదల చేస్తుంది, ఆ వాయువే మిగతా పదార్థం మరింత త్వరగా చెడిపోయేలా చేస్తుంది. అందుకే దాన్ని రుద్దకుండా, నిమిషానికి కొద్ది పదుల చుట్ల వేగంతో నెమ్మదిగా, ఒక్క తీరున నెట్టుకుపోవాలి.

రెండు స్క్రూలూ ఒకే దిశలో తిరిగితే కథ వేరు. అవి కలిసే చోట ఒకదాని అంచు పైకి పోతుంటే రెండోదాని అంచు కిందకి వస్తుంటుంది. పదార్థానికి ఆ రెంటి మధ్య దూరే దారి ఉండదు. ఒక స్క్రూ దాన్ని రెండో స్క్రూకు అందిస్తుంది, అది తిప్పి మళ్లీ మొదటిదానికి ఇస్తుంది. అలా ఎనిమిది అంకె గీసుకుంటూ ముందుకు పోతుంది. ఒకదాని గాడిలో అంటుకున్నదాన్ని రెండోదాని అంచు గీకేస్తూ ఉంటుంది కాబట్టి మూలల్లో పేరుకుపోయి మాడిపోవడం తక్కువ. అంచులు ఒత్తుకోవు కాబట్టి వేగం కూడా పెంచొచ్చు. నిమిషానికి 300 నుంచి 600 చుట్లు మామూలే, కొత్త యంత్రాలు 1,200 దాకా వెళ్తాయి. ఇక్కడి నుంచి మాట్లాడేది ఈ రకం గురించే.

షాఫ్ట్ బయటికి లాగిన రోజు ఈ యంత్రాన్ని దగ్గర నుంచి చూడాలి. దూరం నుంచి ఒకే ముక్కలా కనిపించిన స్క్రూ నిజానికి ముక్కల వరస. పళ్లు తీసిన షాఫ్ట్ మీద ఉక్కు ఎలిమెంట్లను చేతికి గాజులు తొడిగినట్టు ఒక్కొక్కటిగా తొడుగుతారు. కొన్ని ముందుకు నెట్టే మరలు. కొన్ని నీడింగ్ బ్లాకులు. ఇవి కోలగా ఉండే బిళ్లలు, ఒక్కొక్కటీ పక్కదానికి 30, 45, 60 లేదా 90 డిగ్రీలు తిప్పి పేర్చినవి. 30 డిగ్రీల బ్లాక్ పిసుకుతూనే ముందుకు కూడా నెడుతుంది. 90 డిగ్రీల బ్లాక్ ముందుకు నెట్టదు, పిసకడమే దాని పని. ఇంకొన్ని ఎదురు మరలు, అంటే పదార్థాన్ని వెనక్కి నెట్టేవి. వీటి వరస కాగితం మీద రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని కంపెనీలు దాచిపెట్టుకుంటాయి. అలా దాచడం సబబే, ఎందుకంటే రెసిపీలో సగం అక్కడే ఉంది. ఒక్క ఎదురు మరను ఒక స్థానం అటూఇటూ జరిపినా బయటికి వచ్చే సరుకు మారిపోతుంది.

ఎందుకు మారుతుందో అర్థం కావాలంటే ఈ యంత్రం ఎప్పుడూ నిండుగా ఉండదన్న సంగతి గుర్తుంచుకోవాలి. సింగిల్ స్క్రూకు పైనున్న హాపర్ అనే గరాటు నిండా పోస్తారు, అది తిరిగే వేగాన్ని బట్టి లాక్కుంటుంది. ట్విన్ స్క్రూకు బరువు తూచుకుంటూ విదిల్చే ఫీడర్ కొలిచి పెడుతుంది. గంటకు 100 కిలోలు అంటే 100 కిలోలే. స్క్రూ వేగం పెంచినా సరుకు పెరగదు, లోపల ఉన్నది పలచబడి రాపిడి పెరుగుతుంది. మరల భాగంలో గాడులు సగం ఖాళీగానే ఉంటాయి. ఎదురు మర ఉన్నచోట మాత్రం పదార్థం ఆగి, వెనక్కి పోగుపడి, నిండుతుంది. పిసకడం, కరగడం, కలవడం అక్కడ జరుగుతాయి. ఆ నిండిన చోటు దాటగానే మళ్లీ ఖాళీ, ఒత్తిడి సున్నా. లోపలి గాలినీ ఆవిరినీ లాగేసే రంధ్రం, అంటే వాక్యూమ్ వెంట్ పెట్టేది ఆ ఖాళీలోనే. నిండుగా ఉన్నచోట పెడితే గాలికి బదులు సరుకే పైకి పొంగుతుంది. వెంట్ పొంగడం ఈ లైన్ల మీద పనిచేసేవాళ్లందరికీ తెలిసిన తలనొప్పి. దానికి కారణాన్ని వెంట్ దగ్గర కాకుండా స్క్రూ వరసలోనూ ఫీడ్ లెక్కలోనూ వెతకాలి.

ఇంకో పొరపాటు హీటర్ల విషయంలో జరుగుతుంది. సరుకు సరిగా కరగడం లేదనగానే కొత్త ఆపరేటర్ చెయ్యి బ్యారెల్ (స్క్రూల చుట్టూ ఉండే ఉక్కు గొట్టం) జోన్ల ఉష్ణోగ్రత మీదకి పోతుంది. యంత్రం ఒకసారి వేగం అందుకున్నాక కరగడానికి కావాల్సిన వేడిలో ఎక్కువ భాగం మోటారు నుంచే వస్తుంది. స్క్రూ తిప్పిన శక్తి రాపిడిగా మారి వేడవుతుంది, చాలాసార్లు బ్యారెల్ గోడల్లో నీళ్లు తిప్పి ఆ వేడిని తీసేయాల్సి వస్తుంది కూడా. లెక్క తేలికే. మోటారు 30 కిలోవాట్లు లాగుతూ గంటకు 150 కిలోలు వస్తుంటే కిలోకు 0.2 యూనిట్ల శక్తి లోపలికి పోయినట్టు. ఈ ఒక్క అంకెను షిఫ్టు రిజిస్టర్‌లో రాసుకుంటూ పోతే, రేపు సరుకు ఎందుకు తేడాగా వచ్చిందో సగం జవాబు అందులోనే దొరుకుతుంది. పాత ఆపరేటర్లు ప్యానెల్ మీద యాంపియర్ల ముల్లు చూసి “లోడ్ పడిపోయింది, ఫీడర్ చూడండి” అనేది దీన్ని పట్టే. పాఠ్యపుస్తకాల్లో స్పెసిఫిక్ ఎనర్జీ అనే పేరుతో వచ్చేది వాళ్ల చూపులో ఎప్పటినుంచో ఉంది.

ప్లాస్టిక్‌లో ఈ యంత్రం ఏం చేస్తుందో వంటింటి భాషలో చెప్పొచ్చు. ఉప్మాలో రవ్వ ఉండ కట్టకుండా చూడటం ఒక పని, ఉప్పు అంతటా పడేలా కలపడం ఇంకో పని. ఉండ చిదమాలంటే బలంగా ఒత్తాలి. ఉప్పు పంచాలంటే ఒత్తక్కర్లేదు, చాలాసార్లు తిప్పితే చాలు. మాస్టర్‌బ్యాచ్‌లో, అంటే చిక్కగా రంగు కలిపిన ప్లాస్టిక్‌లో రంగు పొడికి మొదటిది కావాలి, అందుకు వెడల్పాటి నీడింగ్ బ్లాకులు వేస్తారు. గ్లాస్ ఫైబర్‌కు రెండోది చాలు, ఎక్కువ ఒత్తితే పీచు విరిగిపోయి బలం పోతుంది. అందుకే దాన్ని హాపర్‌లో వెయ్యకుండా, ప్లాస్టిక్ కరిగాక పక్క నుంచి సైడ్ ఫీడర్‌తో అందిస్తారు. ఒకే బ్యారెల్‌లో ముందు గట్టిగా పిసకడం, తర్వాత మెత్తగా కలపడం, ఆ తర్వాత ఆవిరి లాగడం ఈ యంత్రంలోనే వరసగా జరుగుతాయి. ఇదంతా నిమిషం అటూఇటుగా ముగిసిపోతుంది.

ఆవిరి లాగడం గురించి విశాఖలో మాట్లాడేటప్పుడు కొంచెం ఆగాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీదకి వచ్చి 12 మంది ప్రాణాలు తీసింది. అప్పటి నుంచి ఈ నగరంలో పాలీస్టైరీన్ అన్న మాటే భయం పుట్టిస్తుంది. ఆ భయానికి కారణం ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. కానీ తేడా తెలిసి ఉండటం అందరికీ మంచిది. స్టైరీన్ ద్రవం, దాని అణువులు గొలుసులా కలిస్తే పాలీస్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్ వస్తుంది. ఆ రోజు జరిగింది ట్యాంకులో నిల్వ ఉన్న ద్రవంలో. ఎక్స్‌ట్రూడర్‌కు వచ్చేది గొలుసు కట్టడం పూర్తయిన దాణా, అంటే ప్లాస్టిక్ గింజలు. అందులో గొలుసు కట్టకుండా మిగిలిపోయిన స్టైరీన్ జాడ మాత్రంగా ఉంటుంది, వాక్యూమ్ వెంట్ దాన్నే లాగుతుంది. పలచటి పొరగా సాగిన కరుగు మీద వాక్యూమ్ పెడితే ఆవిరి త్వరగా వదులుతుంది, స్క్రూలు నిమిషానికి కొన్ని వందల సార్లు ఆ పొరను కొత్తగా పరుస్తుంటాయి. లాగిన ఆవిరి ఎక్కడికి పోతోంది, చల్లార్చి పట్టుకుంటున్నారా లేక గోడ బయటికి వదిలేస్తున్నారా అన్నది ప్రతి కాంపౌండింగ్ యూనిట్‌ను అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు చెప్పలేని యూనిట్ ఎంత మంచి సరుకు తీసినా పని సగమే చేసినట్టు.

ఇక ఇదే యంత్రం మందుల్లో చేసే పని సంగతి. కొత్తగా కనిపెడుతున్న మందు అణువుల్లో చాలావాటికి నీళ్లలో కరగడం చేతకాదు. మింగిన బిళ్ల కడుపులో కరగకపోతే రక్తంలోకి వెళ్లదు, అణువు ఎంత గొప్పదైనా ఉపయోగం ఉండదు. కరగకపోవడానికి ఒక ముఖ్య కారణం స్ఫటిక నిర్మాణం. అణువులు వరసగా, గట్టిగా కట్టుకొని కూర్చుంటే నీరు వాటిని విడదీయలేదు. పటికబెల్లం, పీచుమిఠాయి రెండూ చక్కెరే. పటికబెల్లం స్ఫటికం, నోట్లో పెట్టుకుంటే చాలాసేపు ఉంటుంది. పీచుమిఠాయిలో చక్కెర కరిగి ఒక్కసారిగా చల్లారడంతో అణువులకు వరస కట్టుకునే వ్యవధి దొరకదు. ఆ గజిబిజి స్థితినే అస్ఫటిక స్థితి అంటారు. నాలుక మీద పెట్టగానే మాయమవుతుంది.

హాట్ మెల్ట్ ఎక్స్‌ట్రూషన్ చేసేది దాదాపు ఇదే. మందు పొడిని కోపోవిడోన్ లాంటి పాలిమర్‌తో, అంటే గొలుసు అణువుల పదార్థంతో కలిపి ట్విన్ స్క్రూలో వేస్తారు. మందు కరిగి, లేదా కరుగుతున్న పాలిమర్‌లోనే కలిసిపోయి, స్ఫటికం చెదిరిపోతుంది. డైలోంచి వచ్చిన పట్టీని చల్లని రోలర్ల మధ్య నొక్కి గట్టిపరుస్తారు, గాజులా పెళుసుగా విరుగుతుంది. దాన్ని పొడిచేసి బిళ్లలు కొడతారు. ఇందులో పాలిమర్‌కు రెండు పనులు. ఒకటి మందు అణువులను విడివిడిగా పట్టి ఉంచడం, రెండోది అవి మళ్లీ వరస కట్టకుండా కాపలా కాయడం.

ఈ కాపలా ఎంత అవసరమో రిటొనవిర్ అనే హెచ్ఐవీ మందు చరిత్ర చెబుతుంది. 1996లో మార్కెట్‌లోకి వచ్చింది. 1998లో అప్పటిదాకా ఎవరూ చూడని కొత్త స్ఫటిక రూపం దానంతట అది పుట్టుకొచ్చింది. ఆ రూపం ఎంత తక్కువగా కరుగుతుందంటే క్యాప్సూల్స్ పరీక్షలో నిలబడలేకపోయాయి, వాటిని మార్కెట్ నుంచి ఉపసంహరించాల్సి వచ్చింది. తర్వాత లోపినవిర్, రిటొనవిర్ కలిపిన మందు మెత్తటి క్యాప్సూల్‌గా వచ్చింది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి, రోజుకు ఆరు వేసుకోవాలి. 2005లో మెల్ట్ ఎక్స్‌ట్రూషన్‌తో చేసిన బిళ్లకు అమెరికా అనుమతి దొరికింది. ఫ్రిజ్ అక్కర్లేదు, రోజుకు నాలుగు చాలు. ఇంట్లో ఫ్రిజ్ లేని రోగికి ఈ తేడా ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఎక్స్‌ట్రూషన్ పద్ధతి పెరిగింది నోల్ అనే మందుల కంపెనీలో. అది అప్పట్లో బీఏఎస్ఎఫ్ చేతిలో ఉండేది, 2001లో అబాట్ కొనుక్కుంది. బీఏఎస్ఎఫ్ ప్లాస్టిక్‌లు, పాలిమర్‌లు చేసే కంపెనీ. ప్లాస్టిక్ తెలిసినవాళ్లూ మందు తెలిసినవాళ్లూ ఒకే గొడుగు కింద ఉన్నచోట ఈ పని మొదలైందన్న సంగతి విశాఖ గమనించాలి.

ఎందుకంటే ఇక్కడ రెండు జ్ఞానాలూ ఉన్నాయి, విడివిడిగా ఉన్నాయి. పరవాడ ఫార్మా సిటీలో, అచ్యుతాపురంలో ఎక్కువ యూనిట్లు చేసేది బల్క్ డ్రగ్స్, అంటే మందు పొడి. పరిపాలనలో ఇవి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్నా, జనం మాటల్లో అంతా వైజాగే. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువు 1951లో మొదలైంది, కెమికల్ ఇంజినీరింగ్ అంతకంటే పాతది. గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద షాఫ్టులు తిప్పే చేతులున్నాయి. అక్కడి నుంచి పరవాడకు గంట కూడా పట్టదు. అయినా ఫార్మసీ విద్యార్థికి పాలిమర్ బిళ్లలో కలిపే ఒక పొడిగానే పరిచయమవుతుంది, కరిగి సాగే పదార్థంగా కాదు. కాంపౌండింగ్ లైన్ మీద పదేళ్లు పనిచేసి వెంట్ పొంగడాన్నీ నల్ల చుక్కలనూ చూపుతోనే పట్టుకునే మనిషి ఫార్మా కంపెనీ ఇంటర్వ్యూ దాకా రాడు. కరగని పొడి చేసి ఎగుమతి చేసే చోటే దాన్ని కరిగేలా మార్చే పని కూడా జరిగితే విలువ ఇక్కడే నిలుస్తుంది. యంత్రం కొనడం కంటే ఈ ఇద్దరినీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టడమే పెద్ద పని.

భద్రత పరంగానూ ఈ మాటకు బరువుంది. కరగని మందును అస్ఫటికంగా మార్చడానికి ఇంకో ముఖ్యమైన దారి స్ప్రే డ్రైయింగ్. అందులో మందునూ పాలిమర్‌నూ అసిటోన్, మిథనాల్ లాంటి సాల్వెంట్‌లో కరిగించి, వేడి గాలిలోకి చిమ్మి ఆరబెడతారు. కిలో మందుకు ఎన్నో కిలోల సాల్వెంట్ ఆవిరవ్వాలి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా యూనిట్‌లో సాల్వెంట్ లీకై జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. మెల్ట్ ఎక్స్‌ట్రూషన్‌లో సాల్వెంట్ ఉండదు. మందు పొడి తయారీలో సాల్వెంట్లు ఎలాగూ ఉంటాయి, ఆ ప్రమాదం దీంతో తీరిపోదు. ఒక దశలోనైనా వాటి అవసరం లేకుండా పోవడం ఈ జిల్లాల్లో చిన్న లాభం కాదు. అన్ని మందులకూ ఇది పనికిరాదన్నది కూడా నిజమే. వేడికి చెడిపోయే అణువులకు స్ప్రే డ్రైయింగే దిక్కు.

ప్లాస్టిక్ నుంచి మందుకు వచ్చేసరికి పట్టింపులు మారతాయి. ప్లాస్టిక్‌లో రంగు మార్చేటప్పుడు పర్జింగ్ సరుకు, అంటే లోపల శుభ్రం చేసే ప్లాస్టిక్ తిప్పి కొంత తుక్కు వదిలేస్తే సరిపోతుంది. మందులో ప్రతి ఎలిమెంటూ విప్పి, కడిగి, స్వాబ్ తీసి ల్యాబ్‌కు పంపాలి. కరెంటు పోతే ప్లాస్టిక్ వాళ్లకు బ్యారెల్‌లో గడ్డకట్టిన సరుకును మళ్లీ నిదానంగా వేడిచేసే తిప్పలు. తొందరపడి మోటారు వేస్తే షాఫ్ట్ మెలితిరుగుతుంది. మందు వాళ్లకైతే లోపల ఉడికిపోయినదంతా పారేయడమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి నగరం రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి తెలిసిన ఊళ్లో బ్యాకప్ కరెంటు లెక్క మొదటి పేజీలోనే ఉండాలి.

పెద్ద యంత్రానికి మారడం అన్నిటికంటే కష్టం. ల్యాబ్‌లో 18 మిల్లీమీటర్ల స్క్రూ మీద బాగా వచ్చిన రెసిపీని 50 మిల్లీమీటర్లకు తీసుకెళ్తే లోపలి చోటు వ్యాసం ఘనంతో, దాదాపు 21 రెట్లు పెరుగుతుంది. వేడి బయటికి పోవాల్సిన బ్యారెల్ గోడ మాత్రం వర్గంతో, 8 రెట్లలోపే పెరుగుతుంది. 21 రెట్ల సరుకు పోస్తే అంత రాపిడి వేడీ పోయే దారి లేక మందు మాడుతుంది. 8 రెట్లే పోస్తే యంత్రం ఖాళీగా తిరుగుతూ రాపిడి మరీ ఎక్కువవుతుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలవాలో స్క్రూ వరస మార్చి, వేగం తగ్గించి, కిలోకు పడే శక్తి కొలిచి వెతుక్కోవాలి. పెద్ద యంత్రం వద్దనుకుంటే ఇంకో మార్గం ఉంది. చిన్నదాన్నే ఆపకుండా ఎక్కువ గంటలు నడపడం. ఇలా ఆపకుండా చేసే కంటిన్యువస్ తయారీపై, మందుల ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ క్యూ13 మార్గదర్శకాలు 2022 నవంబరులో ఖరారయ్యాక ఈ దారి నియంత్రణ పరంగా కూడా తెరుచుకుంది.

చివరిగా విశాఖ గాలి. బీచ్‌లో పీచుమిఠాయి కొని సంచి విప్పితే కాసేపట్లోనే అది కుంచించుకుపోయి గట్టి గడ్డవుతుంది. గాలిలోని తేమ చక్కెరలోకి దూరి, అణువులకు కదిలే వీలు ఇస్తుంది. కదలడం మొదలయ్యాక అవి వరస కట్టేస్తాయి. మందు బిళ్లలోనూ ఇదే జరగొచ్చు. గాజులా బిగిసి ఉన్న పాలిమర్ ఏ వేడి దగ్గర మెత్తబడుతుందో ఆ గీత తేమ పీల్చిన కొద్దీ కిందకి దిగుతుంది. కోపోవిడోన్ పొడిగా ఉంటే అది 100 డిగ్రీల పైన, తడిస్తే చాలా తక్కువ. అందుకే బస్తా విప్పే గది దగ్గర నుంచి అల్యూమినియం రేకు ప్యాకింగ్ దాకా తేమను కొలుస్తూ ఉండాలి. ఇక్కడి ప్లాస్టిక్ వాళ్లకు ఇదీ కొత్త కాదు. నైలాన్‌ను ఆరబెట్టకుండా వేస్తే డైలోంచి వచ్చే ప్లాస్టిక్ తీగల్లో (స్ట్రాండ్లలో) బుడగలు వస్తాయని వాళ్లకు తెలుసు. మందులో తప్పు అంత త్వరగా కనిపించదు. బిళ్లలను 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న ఛాంబర్‌లో ఆరు నెలలు ఉంచి, మధ్యమధ్యలో తీసి ఎక్స్‌రే కిరణాల కింద చూస్తారు. అస్ఫటికంగా ఉన్నంతకాలం గ్రాఫ్ మీద ఒక మెత్తటి గుట్ట మాత్రమే కనిపిస్తుంది. ఆ గుట్ట మీద సూదిలాంటి మొన ఒక్కటి లేచినా, స్ఫటికం తిరిగి వచ్చిందని అర్థం, స్క్రూ వరస రాసిన కాగితం మళ్లీ బయటికి తీయాల్సిందే.